ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి పాత ల్యాప్‌టాప్: ఎంచుకోవడం, పరీక్షించడం, వాడుకోవడం

ఇంజనీరింగ్‌లో చేరిన పిల్లలకు ల్యాప్‌టాప్ కొనడానికి వెళ్లినవారు దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న సాధారణంగా ‘ఐ5 ఉందా, ఐ7 ఉందా’ అనేదే. ఆ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి యంత్రం నాణ్యత గురించి తెలిసేది చాలా తక్కువ. 2016లో వచ్చిన ఇంటెల్ ఐ7-7500యూ ప్రాసెసర్‌లో ఉన్నవి రెండు కోర్లే (కోర్ అంటే ప్రాసెసర్‌లో విడిగా లెక్కలు చేసే భాగం). ఆ మరుసటి ఏడాది వచ్చిన ఐ5-8250యూలో నాలుగు ఉన్నాయి. పేరులో ఏడు ఉన్నది అయిదు కన్నా మేలని నమ్మి మొదటిదాన్ని కొన్నవారు ఎక్కువ ధర పెట్టి తక్కువ పనిచేసే యంత్రాన్ని ఇంటికి తెచ్చుకున్నట్లే. ప్రోగ్రామింగ్ నైపుణ్యం విషయంలోనూ ఇలాంటి పొరపాటే జరుగుతుంది. ఎన్ని భాషలు వచ్చునన్న లెక్క చెప్పేవారు కనిపిస్తారు గాని, నెమ్మదిగా నడుస్తున్న ఒక ప్రోగ్రాం ఎందుకు అలా నడుస్తోందో విడమరచి చెప్పగలిగేవారు తక్కువ.

ఈ మార్గదర్శిని సీ, పైథాన్, జావా, వెబ్ వంటివి నేర్చుకోదలచినవారి కోసం, అందులోనూ చేతిలో డబ్బు పరిమితంగా ఉన్నవారి కోసం రాసినది. ఆటలకూ వీడియో ఎడిటింగ్‌కూ ఈ లెక్కలు వర్తించవు. చౌకరకం కొత్త ల్యాప్‌టాప్ కన్నా, కార్యాలయాల్లో కొన్నేళ్లు వాడి వదిలిన మంచి తరగతి ల్యాప్‌టాప్‌ను పరీక్షించి కొనుక్కోవడం మేలన్నది నా నిశ్చితాభిప్రాయం.

ఏ యంత్రాన్ని వెతకాలి

లెనోవో థింక్‌ప్యాడ్ టీ శ్రేణి, డెల్ ల్యాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ అనేవి కంపెనీలు తమ ఉద్యోగుల కోసం పెద్దసంఖ్యలో కొనే రకాలు. గడువు తీరగానే కంపెనీలు వాటిని గుత్తగా వదిలించుకుంటాయి. అలా వచ్చిన యంత్రాలే సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి బజార్లలోనూ, ఆన్‌లైన్‌లోనూ ‘రిఫర్బిష్డ్’ (బాగుచేసిన పాతవి) పేరుతో అమ్ముడవుతుంటాయి. కంపెనీ సాంకేతిక సిబ్బంది బల్ల మీదే విప్పి బాగు చేసుకునేందుకు వీలుగా వీటిని తయారుచేస్తారు కనుక అడుగు రేకు స్క్రూలతో ఊడివస్తుంది, విడిభాగాలు సులభంగా దొరుకుతాయి, విప్పే పద్ధతిని బొమ్మలతో వివరించే నిర్వహణ పుస్తకాలను తయారీదారులే ఉచితంగా ఇస్తారు. థింక్‌ప్యాడ్‌ను 1992లో ఐబీఎమ్ మొదలుపెట్టింది. 2005లో ఆ విభాగం మొత్తం లెనోవో చేతికి వచ్చింది. అప్పటి నుంచి ఇప్పటి దాకా చాలా మోడళ్లలో కీబోర్డు నడుమ, మౌస్ గుర్తును కదిపే ఎర్రటి బొడిపె అలాగే ఉంది. దాన్ని వాడకపోయినా నష్టం లేదు గాని, అలవాటు పడినవారు మాత్రం వేరే ల్యాప్‌టాప్ ముట్టుకోవడానికి ఇష్టపడరు.

ప్రాసెసర్ విషయంలో ఇంటెల్ ఎనిమిదో తరాన్ని కనీస హద్దుగా పెట్టుకోవాలి. దీనికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, పైన చెప్పినట్లు, పలుచని ల్యాప్‌టాప్‌లలో కోర్లు రెండు నుంచి నాలుగుకు పెరిగింది ఆ తరంలోనే. రెండవది, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కోసం మైక్రోసాఫ్ట్ ప్రకటించిన ఇంటెల్ ప్రాసెసర్ల జాబితా, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం నుంచే మొదలవుతుంది. తరాన్ని గుర్తించడం కష్టమేమీ కాదు. 8250లో మొదటి అంకె ఎనిమిది కనుక అది ఎనిమిదో తరం; 1135జీ7లో మొదటి రెండంకెలు పదకొండు కనుక అది పదకొండో తరం. అమ్మేవారు ‘ఐ7’ అని మాత్రమే చెప్పి తరం చెప్పకపోతే, ఆ మౌనానికి కారణం ఉందని అనుకోవచ్చు.

ర్యామ్ (నడుస్తున్న ప్రోగ్రాంలు వాడుకునే తాత్కాలిక మెమరీ) ఎనిమిది జీబీ ఉంటే నేర్చుకోవడం మొదలుపెట్టవచ్చు, పదహారు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. అయితే ఇప్పుడు ఎంత ఉన్నదన్న దానికన్నా, తర్వాత పెంచుకునే వీలు ఉందా లేదా అన్నది ముఖ్యం. థింక్‌ప్యాడ్ టీ480, ఎలైట్‌బుక్ 840 జీ5, ల్యాటిట్యూడ్ 7490 అన్నీ 2018 నాటివే, అన్నింటిలోనూ ర్యామ్‌కు రెండు స్లాట్లు ఉన్నాయి. ఆ తర్వాత వచ్చిన టీ490లో కొంత ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేసి (ఊడదీయలేకుండా అతికించి), ఒక్క స్లాట్ మాత్రమే ఇచ్చారు. చూడముచ్చటగా పలుచగా ఉండే ఎక్స్1 కార్బన్‌లో ర్యామ్ మొత్తం సోల్డర్ చేసినదే; కొన్ననాడు ఎంత ఉందో చివరిదాకా అంతే. నాజూకుతనం కోసం స్లాట్లను వదులుకోవడం నేర్చుకునేవారికి లాభసాటి బేరం కాదు.

స్క్రీన్‌ను చాలామంది పట్టించుకోరు. ఒకే మోడల్ పేరుతో నాలుగైదు రకాల తెరలు వస్తాయి. అందులో 1366×768 చుక్కల టీఎన్ రకం చౌకైనది. పక్క నుంచి చూస్తే రంగులు వెలవెలబోతాయి, కోడ్ వరుసలు తక్కువ కనబడతాయి, ఎడిటర్‌నూ బ్రౌజర్‌నూ పక్కపక్కన పెట్టుకోవడానికి చోటు చాలదు. కాబట్టి 1920×1080 చుక్కల ఐపీఎస్ తెర (పక్క నుంచి చూసినా రంగులు నిలిచే రకం) ఉన్నదాన్నే అడగాలి. రోజుకు ఆరేడు గంటలు అక్షరాలు చదివే కళ్లకు ప్రాసెసర్ కన్నా ఇదే ముఖ్యం.

కీబోర్డు సంగతి కూడా అంతే, పేరున్న కంపెనీ అయినా చూడకుండా నమ్మకూడదు. ఆపిల్ 2015లో తెచ్చిన బటర్‌ఫ్లై రకం కీబోర్డులో చిన్న ధూళి రేణువు చేరినా మీటలు పనిచేయకపోవడమో, ఒక అక్షరం రెండుసార్లు పడటమో జరిగేది. ఫిర్యాదులు పెరిగాక 2018లో ఆ సంస్థే ఉచిత మరమ్మతు పథకాన్ని ప్రకటించి, 2019 చివరి నుంచి ఆ రకాన్ని వదిలేయడం మొదలుపెట్టింది. ఆ కాలపు మ్యాక్‌బుక్ తక్కువ ధరకు వస్తోందంటే కారణం ఇదీ కావచ్చు. 2020 నవంబరులో వచ్చిన ఎమ్1 మ్యాక్‌బుక్ ఎయిర్ మాత్రం నిజంగా మంచి యంత్రం. ఫ్యాన్ లేదు, చప్పుడు లేదు, బ్యాటరీ ఎక్కువసేపు నిలుస్తుంది. దాని ర్యామ్ పెంచడం సాధ్యం కాదన్న సంగతిని గుర్తుంచుకుని బడ్జెట్ ఉన్నవారు తీసుకోవచ్చు.

నాలుగు జీబీ సోల్డర్ చేసిన ర్యామ్, సెలెరాన్ ప్రాసెసర్, 64 జీబీ ఈఎమ్‌ఎమ్‌సీ (బోర్డుకే అతికించిన చౌకరకం) నిల్వతో వచ్చే కొత్త ల్యాప్‌టాప్‌ల జోలికి పోకూడదు. పెట్టె కొత్తదే గాని, విండోస్‌ను నవీకరించేసరికే దానిలో చోటు నిండిపోతుంది.

డబ్బు చెల్లించే ముందు చేయవలసిన పరీక్షలు

సంతలో ఎద్దును కొనేవాడు పళ్లు చూసి వయసు తెలుసుకున్నట్లుగా, ల్యాప్‌టాప్‌కూ వయసు తెలిపే గుర్తులు ఉంటాయి. వాటిని చూడటానికి అనుమతించని దుకాణంలో కొనకపోవడమే మంచిది. వెళ్లేముందే ఒక పెన్‌డ్రైవ్‌లో, విండోస్‌కు బదులుగా వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ రకాలైన ఉబుంటు గాని లినక్స్ మింట్ గాని వేసుకుని, డిస్క్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా నేరుగా పెన్‌డ్రైవ్ నుంచే నడిచేలా సిద్ధం చేసుకోవాలి. దానితో బూట్ చేసి (యంత్రాన్ని ప్రారంభించి) చూస్తే వైఫై, స్పీకర్, కెమెరా, టచ్‌ప్యాడ్ అన్నీ పది నిమిషాల్లో తేలిపోతాయి. పైగా దుకాణదారు ముందే సర్దిపెట్టిన విండోస్ వెనుక ఏ లోపమూ దాగదు.

అన్నింటికన్నా ముందు బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు నడిచే యంత్రపు అమరికల తెరలోకి, వెళ్లాలి. అక్కడ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగితే ఆ యంత్రాన్ని అక్కడే వదిలేయాలి, ఎందుకంటే కొన్ని మోడళ్లలో ఆ తాళం తీయాలంటే మదర్‌బోర్డు మార్చడం తప్ప అధికారిక మార్గం లేదు. దీనికన్నా మోసకరమైన తాళం మరొకటి ఉంది. కంపెనీలు తమ యంత్రాలను మైక్రోసాఫ్ట్ వారి ఆటోపైలట్ పద్ధతిలో నమోదు చేసి ఉంచుతాయి. అమ్మేటప్పుడు ఆ నమోదును తొలగించకపోతే, మీరు విండోస్‌ను కొత్తగా వేసి ఇంటర్నెట్‌కు కలిపిన వెంటనే పాత కంపెనీ ఉద్యోగి లాగిన్ అడుగుతుంది. దుకాణంలో వాడి చూసినప్పుడు ఇది బయటపడదు. కాబట్టి, ‘రీసెట్ చేశాక కంపెనీ లాగిన్ అడిగితే తిరిగి తీసుకుంటాము’ అని బిల్లు మీద రాయించుకోవాలి. మ్యాక్‌బుక్ అయితే యాక్టివేషన్ లాక్ (పాత యజమాని ఖాతాతో పడిన తాళం) లేదని సెటప్ మొదటి నుంచి చివరిదాకా చేసి చూడాలి.

బ్యాటరీకి రెండు సంఖ్యలు ఉంటాయి: తయారైననాటి సామర్థ్యం, ఇప్పుడు నిండుగా చార్జ్ అయినప్పటి సామర్థ్యం. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో ‘పవర్‌సీఎఫ్‌జీ’ అని టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి ‘బ్యాటరీరిపోర్ట్’ అని ఇస్తే ఆ రెండూ ఉన్న నివేదిక వస్తుంది. 24,000 మిల్లీవాట్ అవర్లకు గాను ఇప్పుడు 18,000 నిలుస్తుంటే ఆ బ్యాటరీలో మిగిలింది 75 శాతం. అరవై శాతానికి దిగిపోతే కొత్త బ్యాటరీ ఖర్చును బేరంలో తగ్గించమని అడగడం న్యాయమే. టీ480లో లోపల ఒకటి, వెనుక ఊడదీయగలిగినది ఒకటి మొత్తం రెండు బ్యాటరీలు ఉంటాయి కనుక రెండింటినీ విడివిడిగా చూడాలి.

ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) ఎంత అరిగిందో, ఎన్ని గంటలు నడిచిందో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాధనం చూపుతుంది. దాన్ని కూడా పెన్‌డ్రైవ్‌లోనే వెంట తీసుకువెళ్లవచ్చు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఏడాదికి 250 రోజులు, నాలుగేళ్లు పనిచేసిన కార్యాలయ యంత్రం మొత్తం 8,000 గంటలు నడిచి ఉండాలి. అది అయిదారు వేలో, తొమ్మిది వేలో చూపితే ఆందోళన అవసరం లేదు. గంటల కన్నా ఆరోగ్య శాతం ముఖ్యం. డిస్క్ గంటలు పదుల్లోనే ఉంటే, పాతదాన్ని తీసి చౌకరకం కొత్తది బిగించి ఉంటారు. అదేమీ నేరం కాదు గాని ఏ కంపెనీదో చూసుకోవాలి.

మిగిలినవి కంటితో, చేతితో చేసే పరీక్షలు. నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి మీటనూ నొక్కాలి; బ్రాకెట్లు, సెమీకోలన్, బ్యాక్‌స్లాష్ మీటలను ప్రత్యేకంగా చూడాలి, ఎందుకంటే మామూలు వాడకంలో వాటిని ఎవరూ ముట్టుకోరు, ప్రోగ్రామర్లు మాత్రం క్షణక్షణం వాడతారు. తెరను ఒకసారి పూర్తి తెలుపు, ఒకసారి పూర్తి నలుపు రంగుతో నింపి మచ్చలు వెతకాలి. మూతను ఒక మూల పట్టుకుని తెరిచినప్పుడు మూత మడిచే కీలు (హింజ్) దగ్గర కిర్రుమంటే లోపల ప్లాస్టిక్ విరిగి ఉండవచ్చు. ప్రతి పోర్టులోనూ పెన్‌డ్రైవ్ పెట్టి చూడాలి. 2017, 2018 కాలపు థింక్‌ప్యాడ్‌లలో థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్ (పోర్టును నడిపే, యంత్రంలోనే నిక్షిప్తమైన సాఫ్ట్‌వేర్) లోపం వల్ల యూఎస్‌బీ-సీ పోర్టులు క్రమంగా చెడిపోయేవి. లెనోవో దానికి సవరణ విడుదల చేసింది. అందువల్ల టీ480 కొనేవారు ఆ పోర్టు నుంచి చార్జింగ్ ఎక్కుతోందో లేదో చూసి, ఇంటికి రాగానే ఫర్మ్‌వేర్‌ను నవీకరించాలి. చివరగా, ప్రాసెసర్‌కు పది నిమిషాలు నిండా పని చెప్పి, ఫ్యాన్ ఎలా తిరుగుతోందో, యంత్రం తనంతట తాను ఆగిపోతోందో గమనించాలి.

ఇంటికి తెచ్చిన తర్వాత

దుకాణంలో వేసి ఇచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఉంచుకోకూడదు. డిస్క్‌ను పూర్తిగా చెరిపి కొత్తగా వేసుకోవాలి. అందులో ఏ అనధికారిక సాఫ్ట్‌వేర్ ఉందో మనకు తెలియదు. నేర్చుకునేవారికి నా సలహా లినక్స్. కంపైలర్ (కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చేది), పైథాన్, గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్రను దాచేది), టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసే తెర) వంటివి దానిలో ముందే ఉంటాయి లేదా సులభంగా వేసుకోవచ్చు, ఎనిమిది జీబీ ర్యామ్‌లో విండోస్ కన్నా తేలికగా నడుస్తుంది. కళాశాల పరీక్షల సాఫ్ట్‌వేర్ కోసం విండోస్ తప్పనిసరి అయితే రెండూ పక్కపక్కన ఉంచుకోవచ్చు.

మన వేసవి ఎండలకూ ధూళికీ ఫ్యాన్ త్వరగా మూసుకుపోతుంది. ఏడాదికొకసారి అడుగు రేకు విప్పి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా పట్టుకుని, ధూళిని ఊది తుడవాలి. లోహపు మూత ఉన్న ల్యాప్‌టాప్‌ను చార్జింగ్‌లో ఉండగా తాకినప్పుడు చేతికి జుమ్మని తగిలితే అది సాధారణంగా యంత్రం లోపం కాదు. ఎర్తింగ్ లేని ప్లగ్గు వల్లనో, రెండు పిన్నుల అడాప్టర్ వల్లనో అలా జరుగుతుంది. మూడు పిన్నుల తీగ, ఎర్తింగ్ సరిగా ఉన్న సాకెట్ వాడితే పోతుంది.

యంత్రం నెమ్మదా, ప్రోగ్రాం నెమ్మదా

ఇక్కడి నుంచి ల్యాప్‌టాప్ నాణ్యత, ప్రోగ్రామింగ్ నైపుణ్యం అనే రెండు విషయాలూ ఒకటవుతాయి. రాసిన ప్రోగ్రాం నెమ్మదిగా నడిచినప్పుడు కొత్తవారు వెంటనే ల్యాప్‌టాప్‌ను నిందిస్తారు. నిందించే ముందు కొలవడం నేర్చుకోవాలి. పాత యంత్రం దీనికి మంచి బడి, ఎందుకంటే కొత్త యంత్రం దాచిపెట్టే తప్పులను అది బయటపెడుతుంది.

మొదటి ప్రయోగాన్ని పైథాన్‌లో చేయవచ్చు. పది లక్షల సంఖ్యలున్న ఒక లిస్ట్ తయారుచేసి, అందులో లేని పదివేల సంఖ్యలను ఒక్కొక్కటిగా వెతికించండి. లిస్ట్‌లో వెతకడమంటే మొదటి నుంచి చివరిదాకా పోల్చుకుంటూ పోవడమే కనుక మొత్తం వెయ్యి కోట్ల పోలికలు అవుతాయి, నిమిషాలు గడిచిపోతాయి. అదే సంఖ్యలను సెట్‌లో (వెతికేదాని చోటుకు నేరుగా వెళ్లే అమరికలో) పెట్టి వెతికిస్తే రెప్పపాటులో పని పూర్తవుతుంది. ఎంత ఖరీదైన ల్యాప్‌టాప్ కొన్నా మొదటి ప్రోగ్రాం నాలుగైదు రెట్లు వేగం పెరుగుతుందేమో గాని, ఒక్క పదం మార్చినందువల్ల వచ్చిన వేగం మాత్రం రాదు.

ఆ మొదటి ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు విండోస్ టాస్క్ మేనేజర్‌ను తెరిచి చూడండి. ఎనిమిది థ్రెడ్లున్న (ఒకేసారి ఎనిమిది పనులను నడపగల) ప్రాసెసర్‌లో వాడకం దాదాపు 12, 13 శాతం మాత్రమే పెరుగుతుంది. ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని కూడా పని చేయడం లేదని చాలామంది ఇక్కడే తికమకపడతారు. నిజానికి ఆ ప్రోగ్రాం ఒక్క థ్రెడ్‌నే వాడగలదు, ఆ ఒక్కటీ నూటికి నూరు శాతం పనిచేస్తోంది. వందను ఎనిమిదితో భాగిస్తే వచ్చేది పన్నెండున్నర. ఇలాంటి ప్రోగ్రాం కోసం పదహారు కోర్ల యంత్రం కొన్నా ప్రయోజనం ఉండదన్నది ఆ చిన్న అంకెలోనే ఉంది.

రెండవ ప్రయోగం ర్యామ్‌కు సంబంధించినది. రెండు మూడు జీబీల టెక్స్ట్ ఫైల్‌ను ఒకేసారి మొత్తం చదివి లిస్ట్‌లో పెట్టే ప్రోగ్రామును, ఒక్కో వరుసను చదివి లెక్కించి వదిలేసే ప్రోగ్రామును పక్కపక్కన నడిపించండి. ఎనిమిది జీబీ ర్యామ్‌లో బ్రౌజర్ కూడా తెరిచి ఉంటే మొదటిది ర్యామ్‌ను నింపేసి, మిగిలినదాన్ని డిస్క్ మీదికి నెట్టడం మొదలుపెడుతుంది. ర్యామ్ నుంచి ఒక విలువ తేవడానికి సుమారు సెకనులో కోటో వంతు పడితే, ఎస్‌ఎస్‌డీ నుంచి తేవడానికి పదివేలో వంతు, తిరిగే హార్డ్ డిస్క్ నుంచి తేవడానికి నూరో వంతు పడుతుంది. యంత్రం ‘హ్యాంగ్ అయింది’ అని మనం అనే స్థితికి చాలాసార్లు ఈ తేడాయే మూలం. రెండవ ప్రోగ్రాం మాత్రం కొద్దిపాటి ర్యామ్‌తోనే పని ముగిస్తుంది.

మూడవది సీ నేర్చుకుంటున్నవారికి. 8192 వరుసలు, 8192 నిలువు గళ్లు ఉన్న పూర్ణాంకాల పట్టికను తీసుకుంటే అది 256 మెగాబైట్లు ఉంటుంది. దాన్ని ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా కూడండి. కూడికల సంఖ్య రెండింటిలోనూ ఒకటే అయినా నిలువుగా కూడటానికి ఎన్నో రెట్లు ఎక్కువ సమయం పడుతుంది. సీలో ఒక వరుసలోని అంకెలు ర్యామ్‌లో పక్కపక్కనే ఉంటాయి; ప్రాసెసర్ ర్యామ్ నుంచి ఒక్కో అంకెను కాక 64 బైట్ల ముక్కను, అంటే పదహారు పూర్ణాంకాలను, ఒకేసారి తెచ్చుకుంటుంది. అడ్డంగా వెళ్లేవాడు ఆ పదహారింటినీ వాడుకుంటాడు, నిలువుగా వెళ్లేవాడు ఒకటి వాడి పదిహేనింటిని పారేస్తాడు. కంపైలర్‌కు ఆప్టిమైజేషన్ (కోడ్ వేగం పెంచే) ఆదేశాలు ఇవ్వకుండా చేస్తే తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

ఎంత వచ్చునో తెలుసుకోవడం

అమీర్‌పేటలో పూర్తిచేసిన కోర్సుల జాబితా నైపుణ్యానికి కొలత కాదు, అవి దారి చూపించడానికి పనికివచ్చినా సరే. నా దృష్టిలో నికరమైన కొలతలు కొన్నే. ఎర్రర్ సందేశాన్ని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివి, అది ఏ వరుసలో, ఎందుకు వచ్చిందో సొంత మాటల్లో చెప్పగలగాలి. ఇంటర్నెట్ ఆపేసి, ఒక ఫైల్‌లోని వరుసలు, పదాలు, అక్షరాలు లెక్కించే ప్రోగ్రామును ఖాళీ తెర నుంచి మొదలుపెట్టి రాయగలగాలి. ఇతరులు రాసిన రెండు మూడు వందల వరుసల కోడ్ చదివి, ఒక చిన్న మార్పు చేసి, పాతది ఏదీ చెడలేదని నిరూపించగలగాలి. ఆ మార్పులను గిట్‌లో అర్థవంతమైన వివరణలతో భద్రపరచగలగాలి. ఏఐ సాధనం రాసిచ్చిన కోడ్ విషయంలోనూ ఇదే పరీక్ష వర్తిస్తుంది: ప్రతి వరుస ఎందుకు ఉందో చెప్పలేకపోతే ఆ కోడ్ మీది కాదు.

అక్షరాలు లెక్కించే ప్రోగ్రాం రాసినవారు దానికి తెలుగు ఇచ్చి చూడాలి. ‘స్త్రీ’ అనే మాట మనకు ఒక్క అక్షరం. పైథాన్ లెక్కలో ఆరు యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలిచ్చే ప్రమాణం) సంకేతాలు. డిస్క్ మీద యూటీఎఫ్-8 అనే నిల్వ పద్ధతిలో పద్దెనిమిది బైట్లు. ఆ మాటను తిరగేసి ముద్రించమంటే గుణింతం గుర్తు ముందుకొచ్చి చదవడానికి వీలుకాని రూపం వస్తుంది. తెలుగు చదివే మనిషి ఎలా లెక్కిస్తాడో అలా లెక్కించే ప్రోగ్రాం రాయాలంటే హల్లు, పొల్లు, ఒత్తు, గుణింతాల నియమాలను కోడ్‌లోకి మార్చాలి. పాఠ్యపుస్తకాల్లో దొరికే అభ్యాసాల కన్నా ఇది ఎంతో కఠినమైనది, దీనికి ఎనిమిదేళ్లనాటి ల్యాప్‌టాప్ కూడా ఎక్కువే.

పాత యంత్రం నిజంగా చాలని పనులు కొన్ని ఉన్నాయి. ఆండ్రాయిడ్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోను ఎమ్యులేటర్‌తో (ఫోన్‌ను అనుకరించే ప్రోగ్రాంతో) కలిపి నడపాలంటే పదహారు జీబీ ర్యామ్ అవసరం. ఎమ్యులేటర్ బదులు సొంత ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యాప్‌ను పరీక్షిస్తే ఎనిమిదితో కొంతకాలం నెట్టుకురావచ్చు. న్యూరల్ నెట్‌వర్క్‌లకు శిక్షణ ఇచ్చే పనిని గూగుల్ కొలాబ్ వంటి చోట ఉచితంగా దొరికే జీపీయూ (ఒకేసారి ఎన్నో లెక్కలు చేసే గ్రాఫిక్స్ ప్రాసెసర్) మీద మొదలుపెట్టవచ్చు, దాని కోసం గేమింగ్ ల్యాప్‌టాప్ కొనవలసిన అవసరం లేదు. ఐఫోన్ యాప్‌లు తయారుచేయాలనుకునేవారికి మాత్రం మ్యాక్ తప్పదు. పెద్ద సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టులను రోజుకు పదిసార్లు కంపైల్ చేయవలసి వచ్చి, ప్రతిసారీ అన్ని కోర్లూ నూరు శాతం చూపుతుంటే, అప్పుడు కొత్త ప్రాసెసర్‌కు పెట్టే డబ్బు సార్థకమవుతుంది. కోర్లు ఖాళీగా ఉండి ర్యామ్ నిండిపోతుంటే, ఖాళీ స్లాట్‌లో మరో ఎనిమిది జీబీ వేస్తే చాలు.